బడికి సగం కప్పు అల్లిన గిజిగాడు

అనగనగా ఒక అడవి. అడవంటే మన పెరటి వెనక పొదలనుకునేరు! ఈ చివర పుట్టిన గాలి ఆ చివరకి చేరేసరికి దానికి గడ్డం నెరిసిపోయేది. అంత అడవి! అంత అడవికీ ఉన్నది ఒక్కటే బడి.

వాగు ఒడ్డున నాలుగు బండరాళ్లు. వాటి మీద అడ్డంగా వెదుళ్లు. వెదుళ్ల మీద టేకాకులు. ఆకుల్లో కన్నాలు. కన్నాల్లోంచి ఆకాశం. అదీ బడి! మాస్టారు ఒక ముసలి కొంగ. ఆయన ఎప్పుడూ ఒంటికాలి మీదే నిలబడి పాఠం చెప్పేవారు. తపస్సు అనుకునేరు, కాదు. నేల ఎప్పుడూ చిత్తడి. రెండు కాళ్లూ ఎందుకు తడుపుకోవాలని, అంతే!

ఆ బడిలో ఒక చిత్రం ఉంది. పిల్లలందరికీ 'అ' వచ్చు. 'ఆ' వచ్చు. 'అం', 'అః' కూడా గుక్క తిప్పుకోకుండా వచ్చు. 'క' మాత్రం ఒక్కరికీ రాదు. ఎందుకంటే మాస్టారు 'అః' దాకా వచ్చేసరికి వానాకాలం వచ్చేసేది. వాన వస్తే బడి మూత. మళ్లీ తెరిచేసరికి పిల్లలు అన్నీ మరిచిపోయేవారు. మాస్టారు ఒక నిట్టూర్పు విడిచి మళ్లీ 'అ' దగ్గర మొదలెట్టేవారు. ఏనుగు అమ్మమ్మలు, తాబేటి ముత్తాతలు కూడా 'అః' దగ్గర చదువు ఆపినవాళ్లే. 'క' అని ఒక అక్షరం ఉందని అందరూ విన్నారు. దాని మొహం చూసినవాళ్లు లేరు.

మరి పెద్దలెవరూ పట్టించుకోలేదా అంటారు. ఎందుకు పట్టించుకోలేదూ, బడికి ఒక కమిటీ ఉంది. కమిటీకి ఒక పెద్ద పీట ఉంది. కప్పు వేయించాలన్నా, సెలవు ఇవ్వాలన్నా ఆ పీట మీద కూర్చున్నవారి మాటే మాట. ఎన్నో ఏళ్లుగా దాని మీద కూర్చున్నది నెమలి నీలకంఠం గారు.

అబ్బ, ఏం నెమలి! ఆయన పురి విప్పితే సూర్యుడు ఒక్క క్షణం తన వెలుగు తాను చూసుకుని సిగ్గుపడేవాడు. కానీ ఆయనకొక బలహీనత. ఆకాశంలో జానెడు మబ్బు కనబడితే చాలు, కాళ్లు ఆగవు. "మబ్బర్రా మబ్బు! బడికి సెలవు!" అని గంతులేస్తూ ఆటకి దిగిపోయేవారు.

"అయ్యా, కప్పు సంగతి?" అని ఎవరైనా అడిగితే, ఆడుతూనే జవాబు చెప్పేవారు.

"వచ్చే ఏడు పాలరాతి కప్పు వేయిస్తాను!"

ప్రతి ఏడూ అదే మాట. ప్రతి ఏడూ అదే ఆట.

ఇప్పుడు మన వీరుడి దగ్గరకొద్దాం. పేరు పుల్లయ్య. జాతి గిజిగాడు. పసుపు పూసుకున్నట్టుండే రొమ్ము, పిచ్చుకంత ఒళ్లు, కొమ్మ చివర సొరకాయలా వేలాడే గూడు. ఒళ్లు చూసి తక్కువ అంచనా వెయ్యకండి. పుల్లయ్య ముక్కుకి గడ్డిపరక దొరికితే గాలిని కూడా మూటకట్టేవాడు. సాలెపురుగులు పండగ సెలవుల్లో అతని గూటి కింద కూర్చుని పని నేర్చుకునేవి. పనితనం ఎంతో పొగరూ అంతే. తన అల్లికలో వంక పెట్టినవాడితో వారం రోజులు మాట్లాడేవాడు కాదు.

ఆ ఏడు ఎండాకాలం బడి తెరిచారు. సాయంత్రం కూతురు సీతాలు గూటికి వచ్చింది.

"ఏం చెప్పారమ్మా ఇవాళ?" అని పుల్లయ్య అడిగాడు.

"అ," అంది సీతాలు.

"నిరుడూ అదేగా?"

"అవును నాన్నా. వచ్చే ఏడూ అదే. 'క' కంటే మబ్బే ముందొస్తుందట."

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే పుల్లయ్య ఓదార్చేవాడు. ఏడవకపోవడమే అతని గుండెలో ముల్లులా దిగింది. ఏడవడం కూడా మానేసేంత అలవాటైపోయింది పిల్లకి!

సరిగ్గా అప్పుడే పెద్ద పీటకి ఎన్నిక వచ్చింది. కొంగ మాస్టారు బడి ముందు నిలబడి ముక్కు టకటకలాడించారు.

"నీలకంఠం గారికి పోటీగా ఎవరైనా ఉన్నారా?"

ఆ ప్రశ్నకి ఎప్పుడూ నిశ్శబ్దమే జవాబు. ఈసారి కాదు.

"నేనున్నా!" అన్నాడు పుల్లయ్య.

ఆ అరుపుకి అవతలి కొండ మీద నిద్రపోతున్న మేఘం ఒకటి ఉలిక్కిపడి పక్కకి జరిగింది. అడవంతా తల తిప్పింది.

నీలకంఠం గారు పక్కున నవ్వారు. "నువ్వా పుల్లయ్యా? నీ గూడే గాలికి ఊగుతుంది. నువ్వు బడిని నిలబెడతావా?"

"నా గూడు ఊగుతుందండీ, ఊడదు. తమరి మాట ఊగదు. ఏడాదికోసారి ఊడుతుంది."

కోతులు కొమ్మలు పట్టుకుని నవ్వాయి. పుల్లయ్య రొమ్ము ఇంకొంచెం ముందుకొచ్చింది.

"ఏమర్రా, వినండి! నేను పాలరాయి తేను. ఎన్నిక రోజుకి ముందే గడ్డితో బడికి కప్పు అల్లి చూపిస్తాను. నచ్చితే నాకు ఓటెయ్యండి. నచ్చకపోతే నా మొహం చూడకండి!"

పని మొదలైంది. పుల్లయ్య, అతని అన్నదమ్ములు, బావమరుదులు అందరూ దిగారు. రెల్లు గడ్డి చీల్చి, తాటాకు నారలు తీసి, వెదుళ్ల మధ్య అల్లుకుంటూ పోయారు. ఆ వేగం ఏమని చెప్పను! కింద నిలబడి చూసిన లేడి కళ్లు తిరిగి పడిపోయింది. పుల్లయ్య తరఫున ఊరేగింపులు, కేకలు చూసుకునేది ఉడత వీర్రాజు. పుల్లయ్యకి చిన్ననాటి జతగాడు, వరసకి బావ. ఆ కప్పు పెరుగుతుంటే వీర్రాజు తోక ఆనందంతో నిటారుగా నిలబడింది.

సగం కప్పు అయింది. పుల్లయ్య ఠక్కున ఆపి, కొమ్మెక్కి కూర్చున్నాడు.

"ఏం బావా, ఆగిపోయావేం?" అన్నాడు వీర్రాజు.

"సగం అయిందిగా. ఇప్పుడు చూపించాలి."

"సగమా? ఎవరికి?"

"తల్లులకి."

పిల్లలూ, ఇక్కడ మీకు గిజిగాళ్ల ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఆ జాతిలో మగపక్షి గూడు పూర్తిగా కట్టేయదు. సగం కట్టి ఆగుతుంది. ఆడపక్షి వచ్చి కూర్చుంటుంది, లాగుతుంది, పొడుస్తుంది. బాగుంటే ఉంటుంది. లేకపోతే ఎగిరిపోతుంది. అప్పుడు మగాడు మళ్లీ మొదలెట్టాలి. పుల్లయ్య భార్య నాగరత్నం ఒకప్పుడు అతని గూళ్లు మూడింటిని వద్దంది. మొదటిదాని మీద కూర్చుని, "ఇది గూడా, గంపా?" అంది. రెండోదాన్ని ముక్కుతో లాగి ఊడొచ్చిన నార చూపించింది. మూడోదాంట్లో తల పెట్టి, "వాన ఇటునుంచి వస్తుంది," అని ఎగిరిపోయింది. మూడుసార్లూ పుల్లయ్య కోపంతో ఉబ్బి గుమ్మడికాయంత అయ్యాడు. నాలుగో గూట్లోనే సీతాలు పుట్టింది. ఎన్ని తుఫానులు వచ్చినా ఆ గూడు ఊగిందే గానీ ఊడలేదు.

"అది పెళ్లాం బావా! ఇవి ఓట్లు!" అని వీర్రాజు తల పట్టుకున్నాడు. "సగం పని చూపించి ఓటడిగే వెర్రివాణ్ణి లోకంలో నిన్నొక్కణ్ణే చూశాను."

"ఈ కప్పు కింద కూర్చునేది నీ పిల్లలూ, అందరి పిల్లలూ. లాగి చూడాల్సింది వాళ్ల తల్లులే," అన్నాడు పుల్లయ్య.

మర్నాడు మొదటగా కోతి లచ్చమ్మ వచ్చింది.

"చూడు తమ్ముడూ, మావాడు కుదురుగా కూర్చునే రకం కాదు. కప్పెక్కి ఊగుతాడు. అందుకని నేనే ఊగి చూస్తా."

ఊగింది. అది మామూలు ఊపా! వాగులో నీళ్లు అటూ ఇటూ కదిలాయి. పర్రుమని కప్పు చిరిగింది. లచ్చమ్మ చిరుగులోంచి తిన్నగా వచ్చి వీర్రాజు మీద పడింది.

అడవంతా ఒకటే నవ్వు. నీలకంఠం గారు పీట మీంచే కేకేశారు. "సగం కప్పు, అందులో సగం చిరుగు! ఎంత మిగిలిందో లెక్క కట్టండర్రా!"

పుల్లయ్య ఈకలన్నీ లేచాయి. 'ఊగడానికి నీకు చెట్లే కరువయ్యాయా?' అనే మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగడం కంటే నిప్పురవ్వ మింగడం తేలిక. అయినా మింగాడు.

"ఎక్కడ తెగింది అక్కా? చూపించు."

లచ్చమ్మ ఆశ్చర్యపోయింది. తిడతాడనుకుంది మరి. దగ్గరకొచ్చి వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఇక్కడ. ఒక్క చుట్టే తిప్పావు. మేం తోకతో కొమ్మ పట్టుకుంటే రెండు చుట్లు తిప్పుతాం."

పుల్లయ్య అల్లినదంతా విప్పేశాడు. రెండేసి చుట్లతో మళ్లీ అల్లాడు. లచ్చమ్మ ఈసారి తన సంతానం మొత్తాన్ని వెంటేసుకొచ్చి ఊగింది. కప్పు కిర్రుమనలేదు.

రెండోసారి ముళ్లపంది పైడితల్లి వచ్చింది. కప్పు కింద నిలబడి పైకి చూసింది.

"అన్నా, నా పిల్ల బెదిరితే ముళ్లు లేపుతుంది. మాస్టారు గట్టిగా తుమ్మినా బెదురుతుంది. చూసుకో మరి."

"లేపమ్మా," అన్నాడు పుల్లయ్య, కళ్లు మూసుకుని.

పైడితల్లి ముళ్లు లేపింది. పటపటమని శబ్దం. పుల్లయ్య కళ్లు తెరిచేసరికి కప్పు జల్లెడ! ఆ కన్నాల్లోంచి ఎండ పడి నేల మీద చుక్కలు చుక్కలుగా మెరిసింది.

"పగలే చుక్కలు చూపించాడర్రా పుల్లయ్య!" అన్నారు నీలకంఠం గారు.

పుల్లయ్య మళ్లీ విప్పాడు. ఈసారి వెదుళ్లు ఎత్తి, కప్పు పైకి లేపి అల్లాడు. పైడితల్లి రాలిన ముళ్లన్నీ ఏరి తెచ్చి అతని ముందు పోసింది. "సూదులుగా పనికొస్తాయేమో చూడన్నా," అంది. పనికి రావడమేమిటి! ఆ ముళ్లతో కుట్టిన కుట్టు చూసి చీమలు దారి వెతుక్కోలేక వెనక్కి పోయాయి.

ఈలోగా నీలకంఠం గారు ఊరికే కూర్చోలేదు. గుమ్మం గుమ్మానికీ వెళ్లి, ఇంటికొక ఈక పంచారు. ఆ ఈకలు తలలో పెట్టుకుని తిరగని జంతువు లేదు. బడిలో పిల్లలు సీతాలుని ఏడిపించారు. "మీ నాన్న అల్లడమే మరిచిపోయాడటగా? విప్పడం మాత్రం బాగా వచ్చట!"

ఎన్నిక రేపనగా, కప్పు ఈ రాతి నుంచి ఆ రాతి దాకా నిండుగా పరుచుకుంది. చూసినవాళ్లందరూ "బాగుందే!" అన్నారు. వీర్రాజు పొంగిపోయాడు.

"ఇక రేపు మనదే బావా! ఆ ఈకలు తీసి చెవులు గోక్కుంటారు అందరూ."

పుల్లయ్య తూర్పు మూలకేసి చూస్తున్నాడు. అక్కడ గడ్డి, బండరాయి కలిసే చోట అతనికేదో అనుమానం.

"ఏనుగు బంగారమ్మ అవ్వని ఇంకా పిలవలేదు," అన్నాడు చివరికి. "వాన సంగతి నేను చూస్తాను, నీళ్లు పోసి చూస్తానని చెప్పింది అవ్వ."

వీర్రాజు చేతిలోని కాయ కింద పడింది. "ఇవాళా? ఈపూటా? ఒక్క చుక్క కారిందంటే రేపటికి మనం ఉండం. గెలిచాక పిలుద్దాం. పీటెక్కి కూర్చుని తీరిగ్గా పోయించు, ఎన్ని నీళ్లు కావాలంటే అన్ని!"

అన్నదమ్ములు కూడా అదే మాటన్నారు. నాగరత్నం మాత్రం మొగుడి మొహం చూస్తూ కూర్చుంది.

పుల్లయ్యకీ గెలవాలనే ఉంది. ఎందుకుండదు? అడవంతా నవ్విన ఆ నవ్వులకి రేపు జవాబు చెప్పాలని లోపల ఉడికిపోతున్నాడు. పిలవకపోతే అడిగేవాళ్లు లేరు. అతని కళ్లు సీతాలు కూర్చునే చోటు మీద పడ్డాయి. అది సరిగ్గా తూర్పు మూల కిందే.

"బావా," అన్నాడు మెల్లగా, "పీటెక్కాక ఏనుగుని పిలిచినవాణ్ణి ఎవరినైనా చూశావా? నీలకంఠం గారు కూడా మొదట్లో 'తర్వాత చూద్దాం' అనే ఉంటారు. అక్కడి నుంచే మొదలై ఉంటుంది ఆయన ఆట."

లేచి రెక్కలు దులుపుకున్నాడు. వెళ్లి బంగారమ్మ అవ్వని పిలుచుకొచ్చాడు.

అవ్వ వాగులో తొండం పెట్టింది. పీల్చింది. పీల్చింది. వాగు అడుగున చేపలు "మన ఇల్లేదర్రా?" అని ఒకదాన్నొకటి అడిగాయి. అప్పుడు తొండం ఎత్తి, కప్పు మీద కుమ్మరించింది. అబ్బో, కొండ మీంచి ఏరు దూకినట్టే!

చుట్టూ చేరిన జంతువులు కప్పు కిందకి తొంగి చూశాయి. పడమర మూల, పొడి. ఉత్తరం, పొడి. నడిమధ్య, పొడి. తూర్పు మూలలో టప్ మని ఒక చుక్క. తర్వాత ధారకట్టింది.

"కారుతోంది నాయనా," అంది అవ్వ బాధగా. "రాతికీ గడ్డికీ మధ్య బంకమట్టి పెట్టి, దాని మీద నారలు మడవాలి. లేకపోతే వాన అక్కడే దూరుతుంది."

నీలకంఠం గారు మబ్బు లేకుండానే ఆడేశారు! "రేపటి దాకా ఎందుకర్రా? ఎన్నిక ఇవాళే అయిపోయింది!"

జనం గుసగుసలాడుకుంటూ ఇళ్లకి పోయారు. వీర్రాజు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. పుల్లయ్య మాత్రం ఎవరికేసీ చూడకుండా తూర్పు మూలంతా విప్పేశాడు. మట్టి మెత్తాడు. చుట్టుపక్కల గడ్డి అయిపోయింది. దూరం పోయి తేవాలి. తెల్లవారేసరికి ఆ మూల ఇంకా ఆకాశం కనిపించేంత కన్నమే.

ఎన్నిక రోజు వచ్చింది. ఆ అడవిలో ఓటు పద్ధతి వినండి. అభ్యర్థులు బడి ముందు నిలబడాలి. ఎవరికి ఓటేస్తే వాళ్ల వీపు వెనక వెళ్లి నిలబడాలి. ఎదురుగా నిలబడితే మొహమాటపెట్టేస్తారని పూర్వం ఎవరో పెట్టిన ఆచారం. మాస్టారు ముక్కు టకటకలాడిస్తే మొదలు. మళ్లీ టకటకలాడిస్తే ముగింపు.

నీలకంఠం గారు పురి విప్పి నిలబడ్డారు. కళ్లు చెదిరిపోయాయి.

"పుల్లయ్య ఏడీ?" అన్నారు మాస్టారు.

"ఇక్కడే ఉన్నా మాస్టారూ!" అని తూర్పు మూల పైనుంచి వినిపించింది. పుల్లయ్య తలకిందులుగా వేలాడుతూ అల్లుతున్నాడు. "నిలబడే తీరిక లేదు. వేలాడుతూనే పోటీ చేస్తా!"

మాస్టారు తల గోక్కున్నారు. "అభ్యర్థికి వీపు ఉండాలి, అంతే ఆచారం. వీపుంది. సరే!" ముక్కు టకటకలాడింది.

తలలో ఈకలు పెట్టుకుని అందరూ నీలకంఠం గారి వెనక చేరారు. పుల్లయ్య వెనక ఉన్నది నాగరత్నం, సీతాలు. కాసేపటికి వీర్రాజు వచ్చి, "ఓడిపోయినా బావవి బావవే," అని పక్కన నిలబడ్డాడు.

అప్పుడొచ్చిందయ్యా మబ్బు!

నల్లగా, వంద ఏనుగులు వరసకట్టినట్టు కొండ మీంచి లేచింది. నీలకంఠం గారి ఎడమకాలు దురద పెట్టింది. ఓర్చుకున్నారు. కుడికాలు దురద పెట్టింది. పళ్లు బిగబట్టారు, నెమలికి పళ్లుండవు, అయినా బిగబట్టారు! మబ్బు ఉరిమింది. అంతే.

"మబ్బర్రా మబ్బు! బడికి సెలవు!"

గిర్రున తిరుగుతూ ఆట మొదలెట్టారు. వెనక నిలబడ్డవాళ్లు ఒక్కసారిగా ముందుకొచ్చేశారు! ఓటు చెల్లాలంటే వీపు వెనక ఉండాలిగా. అందరూ చుట్టూ తిరిగి వెనక్కి పరిగెత్తారు. ఆయన మళ్లీ తిరిగారు. వీళ్లు మళ్లీ పరిగెత్తారు. లేళ్లు, కుందేళ్లు, కోతులు, అడవిపందులు ఆయన చుట్టూ గానుగెద్దుల్లా తిరిగాయి. ఆ దుమ్ముకి మబ్బు కూడా దగ్గింది.

"అయ్యా, ఒక్కచోట నిలబడండి! ఓటెయ్యాలి!" అని కోతి లచ్చమ్మ రొప్పుతూ అరిచింది.

"ఓటెందుకే, సెలవిచ్చాగా! ఆడుకో!" అన్నారు ఆయన తిరుగుతూనే.

అదే క్షణంలో పైనుంచి పుల్లయ్య కేక వినిపించింది. "గడ్డి! ఎవరైనా గడ్డి అందించండర్రా! ఇంకొక్క జానెడు!"

లచ్చమ్మ ఆగింది. తల తిప్పి కప్పుకేసి చూసింది.

"ఓసినీ! ఆ రెండు చుట్ల ముడి చెప్పింది నేనర్రా! అది నా ముడి! తడిసిపోతుంది!" అని తలలో ఈక పీకేసి పరిగెత్తింది.

"ఆ ఎత్తు నేను చెప్పింది. ఆ కుట్లు నా ముళ్లతో వేసినవి!" అని ముళ్లపంది పైడితల్లి దొర్లుకుంటూ వెళ్లింది.

"చిల్లు చూపించింది నేను," అంది ఏనుగు బంగారమ్మ అవ్వ, తొండం నిండా రెల్లు పట్టుకుని. "మూసేదాకా నాకు నిద్రపడుతుందా?"

వాళ్ల వెనక మిగతా తల్లులు. తల్లుల వెనక తండ్రులు. నీలకంఠం గారి చుట్టూ తిరిగి తిరిగి కళ్లు తిరిగినవాళ్లంతా పుల్లయ్య వీపు వెనక వరసకట్టారు. చేతి నుంచి చేతికి, తొండం నుంచి తోకకి గడ్డి పారింది. పుల్లయ్య ముక్కు మెరుపులా ఆడింది. నిజంగా మెరిసిన మెరుపు దాన్ని చూసి, 'నేను రేపొస్తాలే' అని వెనక్కి తగ్గింది!

మాస్టారు వరస పొడుగునా ఒంటికాలి మీద గెంతుతూ వచ్చారు. "ఇదిగో, ఇది గడ్డి వరసా, ఓటు వరసా? సరిగ్గా చెప్పండి!"

"రెండూ అనుకోండి మాస్టారూ!" అంది లచ్చమ్మ. "అడ్డు లేవండి, గడ్డి రావాలి!"

మొదటి చినుకు ఆకాశం వదిలింది. పుల్లయ్య చివరి నార మడిచి బిగించాడు. చినుకు వచ్చి ఆ ముడి మీద పడి, జారి, బయటకి పోయింది.

టకటకటక!

"పుల్లయ్య గెలిచాడు!" అన్నారు మాస్టారు.

ఓడిపోయినవారి పక్షాన ఎవరూ లేరా అంటే ఒక తాబేలు తాత ఉన్నాడు. ఆయన నీలకంఠం గారి వెనక్కి వెళ్దామని పొద్దున్నే బయల్దేరాడు. ఇంకా చేరలేదు.

ఇక వాన! చినుకు ఒక్కొక్కటి గుమ్మడికాయంత! బండలు కొట్టుకుపోయాయి, చెట్లు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాయి! అయినా ఆ కప్పు కింద చీమ కాలు కూడా తడవలేదు. పిల్లలు లోపలికి దూరి, తల ఎత్తి పైకి చూస్తూ నిలబడిపోయారు.

"అయ్యా, కొత్త పెద్దగారూ," అన్నారు మాస్టారు, "మీ మొదటి ఆజ్ఞ?"

పుల్లయ్య రొమ్ము విరిచాడు. పసుపు రంగు వాన చీకట్లో దీపంలా వెలిగింది.

"బడి పెట్టండి మాస్టారూ."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆ పాఠం ఆయన ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. మెల్లగా రెండో కాలు కిందికి దించారు. నేల పొడిగా ఉంది. రెండు కాళ్ల మీద నిలబడి, ఊపిరి పీల్చి అన్నారు.

"క."

"క!" అన్నారు పిల్లలు. అందరికంటే గట్టిగా సీతాలు అరిచింది. ఆ కేక వాన చప్పుడుని మించిపోయింది. బయట తడుస్తూ నిలబడ్డ బంగారమ్మ అవ్వ కూడా, "కా... క," అని తొండంలో తొండంలోనే నేర్చుకుంది.

వానలో ఆడుతున్న నీలకంఠం గారి కాలు గాల్లోనే ఆగిపోయింది. ఆ గొంతుల్లో ఒకటి ఆయనకి బాగా తెలుసు. ఆయన చిన్నకొడుకుది. ఆయన పురి ముడుచుకున్నారు. తడిసిన తోక ఈడ్చుకుంటూ వచ్చి కప్పు కింద నిలబడ్డారు. ముక్కుతో కప్పుని ఒకసారి లాగారు. ఇంకోసారి లాగారు. అందరూ చూస్తున్నారు.

"పుల్లయ్యా," అన్నారు చివరికి, "కప్పు బాగానే ఉంది. కానీ నా తోక బయట తడుస్తోందయ్యా."

వీర్రాజు ఏదో దెప్పబోయాడు. పుల్లయ్య రెక్క ఎత్తి ఆపాడు. దిగివచ్చి, ఆయన తోక పొడుగు కళ్లతోనే కొలిచాడు.

"మంచి మాట చెప్పారండీ. తమరి పిల్లలకీ రేపు ఇంత తోక వస్తుందిగా! నాకు తట్టనే లేదు. వాన వెలవగానే ఈ పక్క విప్పి, చూరు పెంచుతాను."

"నేను పట్టుకుంటాలే ఒక కొస," అన్నారు నీలకంఠం గారు.

అందుకే పిల్లలూ, ఆ అడవిలో బడి కప్పుకి ఒకవైపు చూరు నెమలి తోకంత పొడుగుంటుంది. దాని కింద ఇప్పుడు పిల్లలు 'క్ష' కూడా దాటి, గుణింతాలు పాడుతున్నారు. చెవి రిక్కించండి, వాన రోజున మనక్కూడా వినిపిస్తుంది!

నీతి: పని సగంలో ఉండగానే నలుగురికీ చూపించి, తప్పు చెప్పించుకుని, విప్పి మళ్లీ అల్లినవాడి పని వానకి నిలుస్తుంది, ఆ తప్పు చెప్పినవాళ్లే అతని వెనక నిలుస్తారు.